చీటీలో ఏ మందు ముఖ్యం?

మందుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల సమాధానాలు. జవాబులు రాసేవారు చెన్నైలో 27 ఏళ్లు, కంపెనీ మందుల గురించి డాక్టర్లకు చెప్పి రాయించే మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేసి, ఇప్పుడు విల్లివాక్కంలో ఉంటున్నారు.

*

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మా వారికి 66 ఏళ్లు. అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. చీటీలో ఆరు రకాలు రాశారు. నెలకు మందులకే 2,600 రూపాయలు దాటుతోంది. పక్కింటావిడ చెబితే జన ఔషధి షాపుకు వెళ్లి అడిగాను. మేము వాడే టెల్మిసార్టాన్ 40 మామూలు షాపులో మాత్ర ఒక్కింటికి 7 రూపాయల పైనే పడుతోంది. అక్కడ 10 మాత్రలు కలిపి 12 రూపాయలన్నారు. ఇంత తేడా ఏమిటని భయం వేసి కొనకుండా వచ్చేశాను. డాక్టరుగారిని అడిగితే ‘వాటికి నేను గ్యారంటీ ఇవ్వను, మీ ఇష్టం’ అన్నారు. మా వీధి షాపతను ‘నా దగ్గరా జనరిక్ ఉందక్కా, ఇరవై శాతం తగ్గించి ఇస్తా’ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, కొరట్టూరు

జవాబు: అమ్మా, చవక అనగానే మీకు భయం వేసిందన్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. ‘డాక్టర్, చవక మందులతో జాగ్రత్త, మీ పేరు పోతుంది’ అని ఎన్నో క్లినిక్‌లలో నేనే చెప్పాను. అలా చెప్పాలని మాకు నేర్పేవాళ్లు. అప్పుడు నేర్పింది చెప్పాను, ఇప్పుడు నాకు తెలిసింది చెబుతాను.

టెల్మిసార్టాన్ అనేది మందు పేరు. దాని పేటెంటు, అంటే కనిపెట్టిన కంపెనీ ఒక్కటే అమ్ముకునే హక్కు, ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు చాలా కంపెనీలు దాన్ని చేసి, తలా ఒక పేరు పెట్టి అమ్ముతున్నాయి. అలా పేటెంటు తీరాక ఇతర కంపెనీలు చేసే మందునే జనరిక్ అంటారు. అంటే మీరు ఇన్నాళ్లూ కొంటున్న ‘కంపెనీ మందు’ కూడా జనరిక్కే. కాకపోతే దానికి ఒక బ్రాండు పేరు ఉంది, ఆ పేరును డాక్టరు నోట పలికించడానికి నాలాంటి మనిషి ఉన్నాడు. నా జీతం, నా బండి పెట్రోలు, నేను టేబుల్ మీద పెట్టే శాంపిళ్లు, డాక్టరుకు చూపించే రంగురంగుల విజువల్ ఎయిడ్, డాక్టర్ల కాన్ఫరెన్సుకు వేసే షామియానా, హోటల్ గది, పెన్ స్టాండు నుంచి గోడ గడియారం దాకా ఇచ్చే బహుమతులు, ఇవన్నీ మీ 7 రూపాయల్లోంచే వచ్చేవి. జన ఔషధి మందుకు ఆ మనిషి లేడు. ప్రభుత్వ సంస్థ టెండరు పిలిచి టోకున కొంటుంది. తేడాలో పెద్ద భాగం అదే.

ప్రభుత్వం ధర కట్టడి చేయదా అని మీకు అనిపించవచ్చు. చేస్తుంది. టెల్మిసార్టాన్ నిత్యావసర మందుల జాబితాలో ఉంది, దానికి సీలింగు ధర, అంటే మించి అమ్మకూడని ధర, కూడా ఉంది. అయితే ఆ సీలింగు ఎలా కడతారో చూడండి. 1995 నాటి ఉత్తర్వులో తయారీ ఖర్చు లెక్కలోకి వచ్చేది. 2013లో వచ్చిన ధరల ఉత్తర్వు ప్రకారం, మార్కెట్లో 1 శాతం, ఆపైన వాటా ఉన్న బ్రాండ్లు షాపుకు ఏ ధరకు ఇస్తున్నాయో సగటు తీసి, దానికి షాపువాడి లాభం 16 శాతం కలుపుతారు. అప్పటికే ఖరీదుగా అమ్ముతున్న వాళ్ల ధరల నుంచే సీలింగు పుడుతోందన్నమాట. అది తయారీ ఖర్చు దగ్గరికి ఎలా వస్తుంది? ఇక జాబితాలో లేని మందులకైతే ఏటా 10 శాతం వరకు ధర పెంచుకోవచ్చు. ఏటా పెంచుకుంటూ పోతే ఎనిమిదేళ్లకు రెట్టింపు దాటుతుంది. జాబితాలో ఉన్న మందుకు ఇంకో మందు కలిపి ‘కొత్త’ మాత్ర చేస్తే ఆ సీలింగు దానికి నేరుగా వర్తించదు. మీ చీటీలో షుగర్ మాత్ర రెండు మందులు కలిసినదే అయ్యుంటుంది. కలపడం అన్నిసార్లూ తప్పని నేను అనను, రెండు మాత్రలు ఒకటవుతాయి, మింగడం సులువు. కానీ కలిపినవాటిలో పనికిరానివీ వచ్చాయి. ప్రభుత్వం 2018 సెప్టెంబరులో 328, 2024 ఆగస్టులో 156 రకాల కలిపిన మందులను నిషేధించింది. వాటిలో కొన్నిటిని నేను ఏళ్ల తరబడి డాక్టర్ల చేత రాయించాను. ఆ జాబితా చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ షాపతను చెప్పే జనరిక్ సంగతి వేరు. దాన్ని వ్యాపారంలో ట్రేడ్ జనరిక్ అంటారు. దానికి రిప్రజెంటేటివ్ తిరగడు, కంపెనీ నేరుగా స్టాకిస్టుకు, అక్కడి నుంచి షాపుకు పోతుంది. అట్ట మీద మాత్రం బ్రాండుతో సమానంగా ఎమ్మార్పీ వేస్తారు. 80 రూపాయలు అచ్చయిన అట్ట షాపుకు 15 రూపాయలకు వచ్చిన బిల్లు నా కళ్లతో చూశాను. అతను మీకు 20 శాతం తగ్గించి 64కి ఇస్తాడు, మీరు మంచివాడనుకుంటారు. రిప్రజెంటేటివ్ ఖర్చు మిగిలింది, కానీ ఆ మిగులు మీ దాకా రాలేదు. చిన్న షాపు నడపడం కష్టమే, ఆన్‌లైన్ వాళ్లతో పోటీ, అద్దె, కరెంటు అన్నీ ఉన్నాయి. అయినా ఆ లాభం రోగి ఇంటి బియ్యం డబ్బులోంచి రావడం నాకు మింగుడు పడదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పనిచేస్తాయా అని. బ్రాండైనా జనరిక్ అయినా ఒకే చట్టం కింద, ఒకే ఫార్మకోపియా (మందుల నాణ్యత ఎలా ఉండాలో చెప్పే అధికారిక గ్రంథం) ప్రమాణంతో తయారవ్వాలి. జన ఔషధికి వచ్చే ప్రతి బ్యాచ్‌నూ షాపులకు పంపే ముందు లేబొరేటరీలో పరీక్షిస్తారు. నాసిరకం తేలిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా బయటపెడుతుంది. నేను ఆ జాబితా ప్రతినెలా చదువుతాను. అందులో పేరున్న బ్రాండ్లూ ఉంటాయి, పేరు లేనివీ ఉంటాయి. ధర చూసి నాణ్యత చెప్పలేం. మన చెన్నైలోనే మంచి ఉదాహరణ ఉంది. 1994లో మొదలైన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ టెండర్లతో జనరిక్ మందులు కొని, బ్యాచ్ బ్యాచ్‌కూ పరీక్ష చేయించి, రాష్ట్రంలోని ప్రభుత్వ ఆస్పత్రులన్నిటికీ పంపుతోంది. ఇక్కడి పెద్దాస్పత్రిలో రోజూ వేలమంది ఆ మాత్రలతోనే బీపీ తగ్గించుకుంటున్నారు.

ఒక జాగ్రత్త. ఫిట్స్, థైరాయిడ్, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే కంపెనీ మార్చేముందు డాక్టరుకు చెప్పి మార్చండి, మార్చాక పరీక్ష చేయించండి, నెలకొక కంపెనీ మార్చకండి. మీ వారి బీపీ, షుగర్ మందులకు కూడా అలాగే, మార్చిన రెండు మూడు వారాలకు బీపీ చూపించండి, షుగర్ చూపించండి. అంకెలు సరిగ్గా ఉంటే డాక్టరుగారి గ్యారంటీతో మీకు పనిలేదు.

డాక్టరుగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆయన ఏ బ్రాండు ఎన్ని రాస్తున్నారో లెక్కేసే పద్ధతి మాకు ఉండేది. ఆర్సీపీఏ అంటాం. క్లినిక్ ఎదురుగా ఉన్న మందుల షాపులో కూర్చుని, వచ్చిన చీటీలు చూసి, మా బ్రాండు ఎన్నిసార్లు, ఎదుటి కంపెనీది ఎన్నిసార్లు అని పుస్తకంలో గీతలు గీసేవాళ్లం. మా మేనేజరు ఆ గీతలు చూసి ఈ నెల ఎవరికి ఏమివ్వాలో తేల్చేవాడు. ఏదీ తీసుకోని డాక్టర్లనూ చూశాను. అయనావరంలో ఒకాయన శాంపిల్ కూడా పుచ్చుకునేవారు కాదు, ‘ఆ డబ్బు ధర తగ్గించడానికి వాడమని మీ కంపెనీకి చెప్పు’ అని పంపేవారు. ఆయన గది నుంచి బయటికి వస్తే నాకు టార్గెట్ టెన్షన్ పట్టుకునేది. ఆయన మాటే ఇన్నేళ్లూ నాతో ఉంది.

ఇంకొకటి కూడా నాతో ఉంది. వ్యాసర్పాడిలో ఒక షాపులో అలా గీతలు గీస్తూ కూర్చున్నాను. ఒక ముసలావిడ చీటీ ఇచ్చింది. ఐదు రకాలు. మొత్తం ఎంతవుతుందో షాపతను చెప్పగానే కొంగు ముడి విప్పి డబ్బు లెక్కపెట్టుకుంది. చాలలేదు. ‘ఇందులో ఏది ముఖ్యం తంబీ, అదే ఇయ్యి’ అంది. అతను చీటీలో మొదట, పెద్ద అక్షరాలతో రాసిన టానిక్ సీసా తీసి ఇచ్చాడు. బీపీ మాత్ర కింద ఎక్కడో ఉంది, అది మిగిలిపోయింది. ఆ టానిక్ మా కంపెనీది. నా పుస్తకంలో ఆ చీటీకి ఒక గీత గీశాను. ‘అమ్మా, అది వద్దు, ఈ మాత్ర తీసుకో’ అని నేను అనలేదు. అనాల్సింది.

అందుకే మీకు చెబుతున్నాను. చీటీతో డాక్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ ఆరింటిలో ఏవి మానకూడదు, ఏవి మానినా పర్వాలేదు?’ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులు మీరుగా ఆపకండి. విటమిన్ క్యాప్సూల్, గ్యాస్ మాత్ర గురించి అడగండి, అవసరం తీరాక కూడా అలాగే సాగే మందుల్లో అవే ఎక్కువ. అట్టలు వెంట తీసుకెళ్లండి. ఒకే మందున్న అట్ట మీద అసలు మందు పేరు బ్రాండు పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018 నుంచి నియమం ఉంది. ఆ పేరు, పక్కనున్న మిల్లీగ్రాముల అంకె ఒక కాగితం మీద రాసుకుని జన ఔషధిలోనో, 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం తెరిచిన చవక మందుల షాపు ముదల్వర్ మరుందగంలోనో చూపించండి. ఇంకో మాట, మీ ప్రాంతం ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో పేరు రాయించుకుంటే ‘మక్కళై తేడి మరుత్తువం’ కింద బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే ఉచితంగా తెచ్చిస్తారు. 2021 ఆగస్టు నుంచి నడుస్తోంది. తీసుకోవడానికి మొహమాటపడకండి.

*

ప్రశ్న: మందుల మీద జీఎస్టీ తగ్గిందని టీవీలో చెప్పారు. మా షాపులో అట్ట మీద పాత ధరే ఉంది, అదే తీసుకుంటున్నారు. ఇది న్యాయమేనా సార్?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: న్యాయం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందులకు 12 శాతం ఉన్న పన్ను 5 శాతమైంది, 33 ప్రాణాధార మందులకు పూర్తిగా తీసేశారు. 112 రూపాయల అట్ట 105కి రావాలి. పాత స్టాకు మీద కొత్త స్టిక్కరు వేయక్కర్లేదు గానీ, కంపెనీ పంపిన కొత్త ధరల పట్టీ ప్రకారమే షాపులో అమ్మాలి. బిల్లు అడిగి తీసుకోండి. మాట వినకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ‘ఫార్మా సహీ దామ్’ అనే యాప్‌లో మందు పేరు కొడితే ప్రభుత్వం కట్టిన ధర కనిపిస్తుంది, అది షాపతనికి చూపిస్తే చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోతుంది.

*

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. వానలు పట్టగానే దగ్గు మొదలవుతుంది. కాంచీపురంలో తయారైన సిరప్ తాగి పిల్లలు పోయారన్న వార్త విన్నప్పటి నుంచి మా ఆవిడ ఇంట్లో ఉన్న సిరప్‌లన్నీ పారబోసింది. రాత్రంతా పాప దగ్గుతుంటే ఏం చేయాలో తెలియడం లేదు. అలాంటి మందు బజారుకు ఎలా వచ్చిందండీ?
– ఒక తండ్రి, మాధవరం

జవాబు: మీ ఆవిడ చేసింది సరైన పనే. ముందు పాప సంగతి చెబుతాను. ఐదేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు సాధారణంగా వద్దని, రెండేళ్లలోపు వాళ్లకు అసలే ఇవ్వవద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. చాలా దగ్గులు వాటంతటవే తగ్గుతాయి. గోరువెచ్చని నీళ్లు తరచుగా తాగించండి, పాపకు ఏడాది దాటింది కాబట్టి పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు. శ్వాస వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, తిండి నీళ్లు ముట్టకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. ఏ సిరప్ తాగాకైనా పిల్లలకు వాంతులు మొదలై మూత్రం తగ్గిపోతే అదే గంటలో ఆస్పత్రికి తీసుకెళ్లండి, సీసా కూడా పట్టుకెళ్లండి.

ఇక ఎలా వచ్చిందంటే. సిరప్‌లో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటి ద్రవం కలుపుతారు. దానిలో మందుల తయారీకి వాడేది వేరు, రంగులకూ ఫ్యాక్టరీలకూ వాడేది వేరు. రెండోది చవక. దానిలో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉండే ప్రమాదం ఉంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. డబ్బా వచ్చినప్పుడు పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. సుంగువార్‌ఛత్రంలోని స్రేసన్ కంపెనీ చేసిన కోల్డ్రిఫ్ సిరప్‌లో ఆ విషం 48.6 శాతం ఉందని తమిళనాడు ఔషధ నియంత్రణ శాఖ పరీక్షలో తేలింది. ఉండదగినది 0.1 శాతం. ఈ సీసాలో దాదాపు సగం విషమే. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తమిళనాడులో 2025 అక్టోబరు 1 నుంచే అమ్మకం ఆపారు, తర్వాత లైసెన్సూ రద్దు చేశారు. ఆ తల్లిదండ్రులకు ఇవేవీ పనికొచ్చేవి కావు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. ఇది కొత్త విషం కాదు. 1937లో అమెరికాలో ఇదే ద్రవంతో చేసిన మందు తాగి 100 మందికి పైగా పోయారు, అక్కడ చట్టమే మారింది. 1972లో మన మద్రాసులోనే ఈ విషం కలిసిన మందుతో పిల్లలు చనిపోయారు. 1986లో ముంబయిలో ఒక ఆస్పత్రిలో గ్లిజరిన్ ద్వారా ఇదే జరిగింది. 2022లో మన దేశం నుంచి వెళ్లిన సిరప్‌ల వల్ల గాంబియాలో పిల్లలు పోయారన్నప్పుడు ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. దాదాపు తొంభై ఏళ్లుగా తెలిసిన విషాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష చాలు. ఆ పరీక్ష చేయకపోవడాన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రావడం లేదు. సిరప్‌ల దగ్గర రిప్రజెంటేటివ్‌లు చెప్పేది రుచి, రంగు, ఇన్ని కొంటే ఇన్ని ఉచితమనే స్కీము. గ్లైకాల్ ఎక్కడి నుంచి తెచ్చారని 27 ఏళ్లలో నన్ను ఒక్క డాక్టరూ అడగలేదు, నేనూ మా కంపెనీని అడగలేదు.

మీరు ఏ మందు కొన్నా బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉందో లేదో చూసుకోండి. పిల్లల మందు వాడేశాక కూడా సీసా నెల రోజులు దాచండి. మందు వల్ల చెడు జరిగిందని అనుమానం వస్తే 1800 180 3024కు ఫోన్ చేసి చెప్పొచ్చు. మందుల దుష్ఫలితాలు నమోదు చేసే ప్రభుత్వ నంబరు అది. మామూలు మనుషులు చేసినా రాసుకుంటారు.

*

ప్రశ్న: మా అక్క కొడుకు తిరుపతిలో బీ.ఫార్మ్ చదివాడు. చెన్నైలో మెడికల్ రిప్రజెంటేటివ్ ఉద్యోగం వచ్చింది. చేరమంటారా? మీ జవాబులు చదివి మా అక్క వద్దంటోంది. ఇంట్లో మాత్రం డబ్బు అవసరం ఉంది.
– ఒక పాఠకురాలు, టి.నగర్

జవాబు: చేరమనండి. మీ అక్కగారికి నా మాటగా చెప్పండి, నేను ఈ ఉద్యోగంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించాను. కొత్త మందు వచ్చినప్పుడు ఎండలో తిరిగి దాని మోతాదు, ప్రమాదాలు డాక్టర్లకు విడమరిచి చెప్పే మనిషి అవసరమే. ఈ పరిశ్రమ చేసిన మేలు చిన్నది కాదు. 2012 మార్చిలో హైదరాబాదు మందుల కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటున్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు చేసుకునే ప్రభుత్వ అనుమతి, వచ్చినప్పుడు, నెలకు 2,80,000 రూపాయలయ్యే క్యాన్సర్ మందు 8,880కి వచ్చింది. ఆ రోజు మా తెలుగు రిప్రజెంటేటివ్‌లం నలుగురం అన్నానగర్‌లో స్వీట్లు పంచుకున్నాం.

కాకపోతే అబ్బాయికి కొన్ని సంగతులు తెలియాలి. డాక్టర్లు కంపెనీల నుంచి బహుమతులు తీసుకోకూడదని 2009 డిసెంబరులోనే మెడికల్ కౌన్సిల్ నియమం పెట్టింది. అలాంటి బహుమతుల ఖర్చును ఆదాయపు పన్నులో మినహాయించుకోవడానికి కుదరదని 2022 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు చెన్నై కంపెనీ అపెక్స్ లేబొరేటరీస్‌దే. 2024 మార్చిలో వచ్చిన మార్కెటింగ్ నియమావళి విదేశీ యాత్రలు, నగదు, బంధువులకు ఇచ్చే కానుకలు అన్నీ వద్దంది, శాంపిళ్లకూ హద్దు పెట్టింది. అయితే ఆ నియమావళి కింద ఫిర్యాదులు ముందుగా చూసేది కంపెనీల సంఘాల కమిటీలే, దానికి చట్టం బలం లేదు. అబ్బాయిని రేపు మేనేజరు ‘ఆ డాక్టరుకు ఏదో ఒకటి సర్దు’ అంటే, ఆ మాట నోటితోనే అంటాడు, కాగితం మీద రాయడు. పట్టుబడితే ఉద్యోగం పోయేది అబ్బాయిదే. అందుకే ఏ ఖర్చుకైనా ఈమెయిల్లో అనుమతి అడగమనండి. రాసి అడిగితే చాలా అడ్డదారులు అక్కడే ఆగిపోతాయి. ఆ పని నేను చివరి నాలుగేళ్లలో మాత్రమే చేశాను.

చేరే ముందు ఒక శనివారం సాయంత్రం విల్లివాక్కం పంపండి, పత్రిక ఆఫీసులో అడిగితే నా అడ్రస్ ఇస్తారు. నా పాత ఆర్సీపీఏ పుస్తకాలు ఇంకా దాచాను. వ్యాసర్పాడి పేజీ తీసి చూపిస్తాను.